అక్కకు చేసిన టెస్టు నాకెందుకు చేయలేదు?

మా అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ఫైళ్లు పట్టుకుని తిరిగింది నేనే. హెర్2 పాజిటివ్ అని రాశారు. అంటే కణాన్ని పెరగమనే సంకేతం అందుకునే హెర్2 అనే రిసెప్టర్ ఆ గడ్డలో ఎక్కువగా ఉందని. మొదట అందరం హడలిపోయాం. తర్వాత ఆ పాజిటివే ఆమెకు కలిసొచ్చింది, ఎందుకంటే ఆ రిసెప్టర్‌కు సూటిగా తగిలే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఉంది. మూడు వారాలకోసారి చొప్పున ఏడాది పాటు ఎక్కించారు. అక్క ఇప్పటికీ నిక్షేపంగా ఉంది.

అందుకే నా వంతు వచ్చి ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలినప్పుడు ఆ మాట కోసమే రిపోర్టంతా వెతికాను. పీఎస్‌ఏ, అంటే ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్, 14 ఉంది. మామూలుగా 4 లోపు ఉండాలంటారు. ముక్క పరీక్షలో (బయాప్సీ) గడ్డ ఎంత మొండిదో చెప్పే గ్లీసన్ స్కోరు 4+4, అంటే 8. ఈ క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూపే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లో ఎముకలకు పాకలేదని తేలింది, అదొక్కటే ఊరట. హెర్2 ఊసు మాత్రం ఎక్కడా లేదు. అక్క ఫోన్లో ఒకటే పోరు: “ఒరేయ్, ఆ టెస్టు చేయించమని గట్టిగా అడుగు.”

అడిగాను. డాక్టరు గారు చిన్నవాడే, విసుక్కోలేదు. “చేయించొచ్చు సార్. దాచిన ముక్క మీద యాంటీబాడీ వేస్తే, రిసెప్టర్ ఉన్న కణాల చుట్టూ గోధుమ రంగు గీత కనిపిస్తుంది. సున్నా నుంచి మూడు ప్లస్ దాకా మార్కులేస్తారు. కానీ మార్కు ఏదొచ్చినా మీకిచ్చే వైద్యం మారదు” అన్నారు.

హెర్2, దాని తోబుట్టువు లాంటి ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్ ఎక్కువగా ఉన్న ప్రోస్టేట్ గడ్డలు కొంచెం మొండివని చెప్పిన పరిశోధనలు ఉన్నాయట. తేడా లేదన్నవీ ఉన్నాయట. ఒక్కో ల్యాబ్ ఒక్కో యాంటీబాడీ వాడుతుంది, ఎంత రంగు వస్తే పాజిటివ్ అనేది కూడా ఒక్కోచోట ఒక్కో లెక్క. మరి మందులో? ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే గెఫిటినిబ్‌నీ, ట్రాస్టుజుమాబ్‌నీ ఈ జబ్బులో వాడి చూశారు, చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. ఇక్కడ అసలు పెత్తనం మగ హార్మోన్‌ది, దాన్ని అందుకునే ఆండ్రోజన్ రిసెప్టర్‌ది. ఆ హార్మోన్ ఆపితే జబ్బు తగ్గుతుందని చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు 1941లోనే చూపించాడు, 1966లో నోబెల్ అందుకున్నాడు. నాకు పొట్టలో వేసిన ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్ పనీ అదే. జబ్బు ముందు ముందు ఎలా ఉంటుందో చెప్పే గుర్తు వేరు, ఏ మందు పనిచేస్తుందో చెప్పే గుర్తు వేరు. ఈ ముక్క బుర్రకెక్కాక సగం టెన్షన్ పోయింది.

ఇంజెక్షన్‌తో పాటు కరెంటు (రేడియేషన్) కూడా పెట్టారు. అది నొప్పేమీ కాదు. మూత్రసంచి నిండా నీళ్లు తాగి, టేబుల్ మీద కదలకుండా పడుకోవడమే కష్టం. ముందు మనిషిది ఆలస్యమైందంటే మన పని అయిపోయినట్టే. బయట కుర్చీల్లో ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కాళ్లు ఊపుతూ కూర్చునేవాళ్లం.

ఇంజెక్షన్ల కాలం అంతకన్నా విసుగు. డిసెంబరు చలిలో ఒళ్లంతా ఆవిర్లు, ఫ్యాన్ ఐదులో పెట్టుకునేవాణ్ని. మా ఆవిడ దుప్పటి ముసుగులోంచి “ఇప్పుడు తెలిసిందా?” అంది. మెనోపాజ్‌లో తను పడ్డ అవస్థ నేను పట్టించుకోలేదని ఆమె పాత ఫిర్యాదు. నడుము చుట్టూ కొవ్వు పేరుకుంది, పొద్దున నడక లేకపోతే ఒంట్లో సత్తువ ఉండేది కాదు. ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు. రెండేళ్ల కోర్సు అయ్యింది. పీఎస్‌ఏ 0.1 లోపే ఉంది. హార్మోన్ మెల్లగా తిరిగి వస్తోంది కాబట్టి మూడు నెలలకోసారి చూస్తూనే ఉండాలి.

అక్క పోరు పూర్తిగా వృథా కాలేదు. ఆమె జబ్బు సంగతి వినగానే డాక్టరు గారు నాకు రక్తంలో బీఆర్‌సీఏ జన్యువుల పరీక్ష రాశారు. ముఖ్యంగా బీఆర్‌సీఏ2లో లోపం ఉంటే రొమ్ము క్యాన్సర్‌తో పాటు ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది, అది పిల్లలకూ సంక్రమించవచ్చు. నాలో లోపం లేదని వచ్చింది. అయినా నలభై ఐదు దాటాక పీఎస్‌ఏ చేయించుకొమ్మని మా అబ్బాయికి చెప్పాను. “చూద్దాంలే నాన్నా” అన్నాడు. వాణ్ని దారికి తెచ్చే పని అక్కకు అప్పగించాను.