ఆల్‌ఫ్రిస్టన్‌లో పాదిరి ఇల్లు

ఇంగ్లండు దక్షిణ తీరానికి దగ్గరలో, కక్‌మియర్ నది పక్కనున్న ఆల్‌ఫ్రిస్టన్ గ్రామానికి వెళ్లినప్పుడు, చెకుముకి రాళ్లతో కట్టిన సెయింట్ ఆండ్రూస్ చర్చి కంటే దాని పక్కనున్న పూరికప్పు ఇంటి దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. 14వ శతాబ్దానికి చెందిన ఈ ఇల్లు చాలాకాలం చర్చి అధీనంలో ఉండటం వల్ల దీనికి క్లెర్జీ హౌస్, అంటే పాదిరి ఇల్లు, అనే పేరు స్థిరపడింది.

ఆ ప్రాంతంలో వీల్డెన్ ఇల్లు అని పిలిచే పద్ధతిలో దీన్ని కట్టారు. నడుమ నేల నుంచి కప్పు దాకా ఒకే ఎత్తున సాగే హాలు, అటూ ఇటూ మేడగదులు, మొత్తానికీ కలిపి ఒకే పొడవాటి కప్పు ఉండటం ఈ పద్ధతి లక్షణం. బరువంతా మోసేది ఓక్ కలప చట్రమే; మధ్యలో తడికలల్లి మట్టి మెత్తిన గోడలు ఖాళీలను పూడుస్తాయి, అంతే. హాలులో నిలబడి తలెత్తితే దూలాలూ వాసాలూ ఏ మరుగూ లేకుండా కనిపిస్తాయి. పొగగొట్టాలు రాకముందు ఇలాంటి హాళ్లలో నట్టనడుమ నెగడు వెలిగించి, పొగను కప్పులోంచే పోనిచ్చేవారు కనుక ఇంత ఎత్తు అవసరమైంది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది నేల. సుద్దరాతిని పొడి చేసి, దిమ్మిస కొట్టి, పులిసిన పాలతో గట్టిపరిచారు. మన పల్లెల్లో పేడతో అలికిన నేలలాగే ఇదీ చేతికందిన సరుకుతో తీర్చుకున్న అవసరం. సుద్దకొండల నడుమ బతికేవారికి సుద్దకు కొదవేముంటుంది?

హాలులో ఒక దూలం మూల ఓక్ ఆకు చెక్కి ఉంది. చారిత్రక కట్టడాలను, ప్రకృతి ప్రాంతాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చిహ్నానికి అదే ప్రేరణ కావచ్చునని చెబుతారు. ఆ సంస్థకు ఈ ఇంటితో ఉన్న బంధం మాత్రం నిస్సందేహం: 1895లో ఏర్పడిన ట్రస్టు ఆ మరుసటి ఏడాదే 10 పౌండ్లకు దీన్ని కొన్నది, అది కొన్న మొదటి కట్టడం ఇదే. అప్పటికి ఇల్లు కూలిపోయే స్థితిలో ఉంది, మరమ్మతులకు ఆ ధరకు ఎన్నో రెట్లు ఖర్చయింది. ఆ పని చేయించిన వాస్తుశిల్పి ఆల్‌ఫ్రెడ్ పావెల్. పాత కలపను వీలైనంత నిలబెట్టి, వంగినదాన్ని వంగినట్లే ఉంచిన ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. అన్నిటినీ సరిచేసి నున్నగా తీర్చి ఉంటే, చూసేందుకు ఇంత దూరం రావలసిన పనే ఉండేది కాదు.