క.సా.గు కట్టనంటే కట్టనంది

"ఏ కామన్ డినామినేటర్ అయినా పర్లేదు నాన్నా, లీస్టే అక్కర్లేదు" అని మా ఐదో తరగతి పిల్ల తేల్చేసింది. లెక్క 5/12 + 7/18. నేను క.సా.గు (కనిష్ఠ సామాన్య గుణిజం, అదే ఎల్‌సీఎం) కట్టమన్నాను, తను ససేమిరా అంది. రెండు హారాల్నీ గుణించి కింద 216 వేసి, పైన 90, 84 కలిపి 174 రాసి, రెండుతో ఒకసారి, మూడుతో ఒకసారి కొట్టేసి 29/36 దగ్గరికి వచ్చింది. నేను రెండు హారాల్నీ పక్కపక్కన పెట్టి మెట్లు మెట్లుగా భాగించుకుంటూ పోయే నిచ్చెన గీసి 36 తెచ్చి, 15, 14 కలిపి అదే 29/36 దగ్గర ఆగాను. నాది ఎంత తొందరగా అయిందో చూశావా అంటే, "ఆన్సర్ ఒకటే కదా!"

రాత్రి కూర్చుని చూస్తే పిల్ల మాటే కరెక్టు. ఇక్కడ అమెరికాలో, ఏ తరగతిలో ఏం నేర్పాలో చెప్తూ 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాల్ని పాటించే రాష్ట్రాల్లో, నాలుగో తరగతిలో హారాలు ఒకటే ఉన్న భిన్నాలు కూడిస్తారు, వేర్వేరు హారాలున్నవి ఐదులో. అప్పుడు కూడా హారం అతి చిన్నదే కావాలన్న పట్టింపు లేదు, రెండూ గుణించుకుంటే చాలు. మరి మా మాస్టారి దగ్గర నేను తిన్న బెత్తం దెబ్బలు ఏ ఖాతాలో వేసుకోవాలి?

ఇంకో సంగతి. 2/3 + 1/4 చేయడానికి తను ఒక డబ్బా గీసింది. నిలువుగా మూడు భాగాలు, అడ్డంగా నాలుగు, మొత్తం పన్నెండు గళ్లు. రెండు నిలువు భాగాలంటే ఎనిమిది గళ్లు, ఒక అడ్డ వరుస అంటే మూడు గళ్లు, కలిపి 11/12. గళ్లన్నీ ఒకే సైజులోకి వచ్చేదాకా కలపడానికి ఏమీ లేదని ఆ బొమ్మే చెప్తోంది. నాకు లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే, కానీ హారాలు ఎందుకు సమానం చేయాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అయినా మనసొప్పదే! 12, 18, 30 హారాలుగా మూడు భిన్నాలు ఇచ్చాను, గుణించుకుంటే 6480 అవుతుంది, క.సా.గు అయితే 180తో పోతుంది, ఇప్పుడేం చేస్తుందో చూద్దామని. "మా టీచర్ ఇలాంటివి ఇవ్వరు" అని లేచి వెళ్లిపోయింది. వాళ్లమ్మ నావైపు చూసిన చూపు గురించి రాయను.

పిల్లల హోంవర్క్‌లో వేలు పెడుతున్న తోటి అమ్మానాన్నలకి ఒక సలహా ఇద్దామని ఇది మొదలుపెట్టాను: ముందు బడిలో ఏ పద్ధతి చెప్పారో అడగండి, మన పద్ధతి తర్వాత చూపించండి. చెప్పడానికి బాగానే ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూల్ పెట్టిన నేనే, లెక్కలు వచ్చేసరికి ఇంగ్లీషులోకి దూకుతాను, కోపం వస్తే మళ్లీ తెలుగులో ఎక్కాలు అప్పజెబుతాను. పదిహేడో ఎక్కం గడగడా చెప్పే ఈ మేధావి హోటల్లో టిప్పు ఎంతో చూడ్డానికి ఫోన్ తీస్తాడు, అది కూడా పిల్ల ముందే. నాకు కావాల్సింది పిల్లకి లెక్కలు రావడమా, నాకొచ్చినట్టే రావడమా? తెలుగు పద్యాలు నేర్పబోతే రెండు నెలలకే జారిపోయాయి, కూచిపూడి క్లాసు తనే మానేసింది, ఇక నా చేతిలో మిగిలింది ఈ నిచ్చెనేనని పట్టుకు వేలాడుతున్నానేమో. ఏమో, బద్ధకం కూడా అయ్యుండొచ్చు, కొత్త పద్ధతి నేర్చుకోవాలంటే ఓపికెక్కడుంది?

ఇక్కడ క.సా.గు ఆరో తరగతిలో వస్తుందట, అది కూడా పన్నెండు దాటని సంఖ్యలకే. అందాకా నోరు మూసుకోమని ఇంటావిడ సలహా. సరేనన్నాను. కాకపోతే అప్పుడు 8, 16, 24 అని గుణిజాలు వరసగా రాయించి చెప్తారేమో, నిచ్చెన ఊసే ఉండదేమోనని ఇప్పట్నించే టెన్షన్.