తెల్లాకు, పచ్చాకు

ఈరోజు కొత్తగా ఏం జరగలేదు, పొద్దున్నే గ్రోత్ ఛాంబర్ తీసి ట్రేలకి నీళ్లు పెట్టి కొలతలు రాసుకున్నా, అంతే. కానీ ఒక ట్రే ముందు అరగంట అలా నిలబడిపోయా.

అది విరిసెంట్ 2 అనే వరి మ్యుటెంట్, అంటే ఒక జీన్‌లో మార్పు వచ్చిన మొక్క. మొదట్నుంచీ 20 డిగ్రీల్లో పెంచి తర్వాత 30కి మార్చాం. ఇప్పుడు చూస్తే కింది ఆకు పాలిపోయి ఇంచుమించు తెల్లగా ఉంది, లైటుకి అడ్డం పెడితే ఈనెలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి, దాని పైన కొత్తగా విచ్చుకున్న ఆకేమో మామూలు నారులాగే పచ్చగా ఉంది. రెండూ ఒకే మొక్కవి, రెండిట్లోనూ అదే జీన్, అదే తప్పు! గ్వానైలేట్ కైనేజ్ అనే ఎంజైమ్‌లో లోపం అది, వెచ్చగా ఉంటే మొక్క ఎలాగో నెట్టుకొచ్చేస్తుంది, చలి తగిలితే ఆకుకి పచ్చదనం ఇచ్చే క్లోరోప్లాస్ట్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. ఆకు ఇంకా కింది ఆకు తొడుగులో చుట్టుకుని ఉన్నప్పుడే అంతా తేలిపోతుంది, ఒకసారి తెల్లగా బయటికొచ్చాక ఎంత వెచ్చగా పెట్టినా ఇంక పచ్చబడదు, అది చూస్తే పాపం అనిపిస్తుంది.

మధ్యాహ్నం జూనియర్ అడిగింది, మ్యుటేషన్ ఉంటే ఉన్నట్టే కదా, టెంపరేచర్‌తో పనేంటి అని. టీఎంఎస్ 5 అనే వరి జీన్‌లో వచ్చిన మ్యుటేషన్ గురించి చెప్పా. 1987లో చైనాలో దొరికిన అన్నోంగ్ ఎస్-1 వరిలో ఉన్నది అదే, చిరుపొట్ట దశలో వేడిగా ఉంటే పుప్పొడి పనికిరాకుండా పోతుంది, చల్లగా ఉంటే గింజలు మామూలుగానే కడతాయి. అందుకే వేడిలో దాన్ని ఆడ వరసగా, అంటే వేరే రకం పుప్పొడితో గింజ కట్టే వరసగా వాడి హైబ్రిడ్ విత్తనం తీస్తారు, చల్లటి చోట దాని విత్తనం అదే పెంచుకుంటారు. అయితే ఆ దశలో అనుకోకుండా నాలుగు రోజులు చలి పడిందా, తన పుప్పొడితో తనే గింజ కట్టేసి హైబ్రిడ్ విత్తనం మొత్తం కల్తీ అయిపోతుంది, రైతు దాకా వెళ్లే నష్టం అది.

జపోనికా వరి రకాల్లో అమైలోజ్ అనే పిండిపదార్థాన్ని తయారుచేసే వాక్సీ జీన్ కూడా ఇంతే, డీఎన్ఏలో ఒక్క అక్షరం మారడంతో ఆ జీన్ నకలైన ఆర్ఎన్ఏ ముక్కల అతుకు సరిగ్గా పడదు, గింజ పాలు పోసుకునేటప్పుడు చల్లగా ఉంటే మాత్రం అతుకు మెరుగుపడి అమైలోజ్ పెరుగుతుంది.

పాత నోట్‌బుక్‌లు తిరగేస్తే చాలా చోట్ల "తెల్లాకు" అని మాత్రమే ఉంది, పక్కన డిగ్రీలు లేవు. అది ఏ మ్యుటేషనో ఇప్పుడెలా చెప్పగలం? ఈ రోజు నుంచి ప్రతి ఫోటో కింద డిగ్రీలు రాస్తున్నా. రేపు ఇంకో ట్రేని 30 నుంచి 20కి దించాలి, ముందు ఆకులు లెక్కపెట్టాలి.