నాయన అల్సర్ వైద్యం: నా అనుభవం

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా నాయనది ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన తరం. నడుము, మోకాళ్ళు పట్టేసి ఏళ్ళ తరబడి నొప్పి గోలీలు మింగాడు, చాలాసార్లు పరగడుపునే. పోయిన చలికాలం పొట్ట పైభాగంలో మంట మొదలైంది. అర్ధరాత్రి లేచి కూర్చునేవాడు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక గోలీ ఇచ్చాడు. నొప్పి కాస్త తగ్గింది కానీ నోరు ఎండిపోయింది. జొన్నరొట్టె మింగుడు పడక నీళ్ళలో నానబెట్టుకుని తిన్నాడు. ఒకరోజు పొద్దున్నుంచి మూత్రమే రాలేదు. పొత్తికడుపు రాయిలా గట్టిపడింది. "బిడ్డా, ఇగ నాతోని కాదు" అన్నాడు. నల్లగొండ తీసుకెళ్తే ముందు పైపు వేసి మూత్రం తీశారు. బ్యాగు నిండుతుంటే ఆయన మెల్లగా కళ్ళు తెరిచాడు.

డాక్టర్ మేడమ్ గోలీల షీటు తిప్పి చూశారు. అది డైసైక్లోమిన్, కడుపు మెలిపెట్టే నొప్పికి ఇచ్చే మందు. "రాత్రిపూట మూత్రానికి ఎక్కువసార్లు లేస్తాడా అమ్మా?" అని అడిగారు. లేస్తాడు, ఎన్నో ఏళ్ళుగా. ప్రొస్టేట్ గ్రంథి వాచి మూత్రం దారిని నొక్కేస్తోంది. ఈ మాట అంతకుముందు ఎవరూ అడగలేదు, నాకు కోపం వచ్చింది అందుకే.

ఆమె ఓపిగ్గా చెప్పారు. ఈ రకం మందులు ఎసిటైల్‌కోలిన్ అనే, నరాల సంకేతాలు మోసే రసాయనం పనిని అడ్డుకుంటాయి. కడుపులో యాసిడ్ కొంత తగ్గుతుంది, పేగుల మెలిపెట్టడం ఆగుతుంది. కానీ మూత్రాశయం ముడుచుకోవడానికీ ఆ రసాయనమే కావాలి. ఒకరకం గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళకైతే కంటికీ ప్రమాదమే. ఒకప్పుడు అల్సర్‌కు ఇవి బాగా రాసేవారట. యాసిడ్‌ను బాగా తగ్గించే మందులు, 1970లలో సిమెటిడిన్, ఆ తర్వాత ఒమెప్రజోల్ వచ్చాక ఆ అవసరం పోయింది.

ఎండోస్కోపీలో చిన్నపేగు మొదట్లో పుండు కనిపించింది. ముక్క తీసి పరీక్షిస్తే హెలికోబాక్టర్ పైలోరీ ఉందని తేలింది. అల్సర్‌కు కారణమయ్యే ఈ బ్యాక్టీరియాను కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. మా ఊళ్ళో మాత్రం అల్సర్ అంటే కారం, టెన్షన్ అనే అంటారు. రెండు యాంటీబయాటిక్‌లు, అన్నానికి అరగంట ముందు యాసిడ్ తగ్గించే మాత్ర, అన్నీ 14 రోజులు. యాంటీబయాటిక్‌లతో నోరంతా చేదు. నాయన మానేస్తానన్నాడు, మధ్యలో ఆపితే క్రిమి మొండికేస్తుందని చెప్పి నేనే చేతికిచ్చి మింగించాను.

ప్రొస్టేట్‌కు వేరే మందు మొదలుపెట్టాక పైపు తీశారు, మూత్రం మామూలుగా వచ్చింది. కోర్సు అయ్యాక నెల ఆగి, కోర్సు తర్వాత కూడా వేసుకుంటున్న యాసిడ్ మాత్రను పరీక్షకు రెండు వారాల ముందు ఆపి, మలం పరీక్ష చేయిస్తే క్రిమి లేదు. మోకాళ్ళ నొప్పి మాత్రం అట్లనే ఉంది. కడుపులో పుండు చేసే ఆ పాత నొప్పి గోలీలే తెమ్మని ఇప్పటికీ అడుగుతాడు. మేడమ్ రాసిన పారాసెటమాలే ఇస్తున్నాను.