పాలిమరీకరణ వేగం: పుట్టే రాడికల్ కన్నా ఆరిపోయే రాడికలే కీలకం

జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన అణువును ఫ్రీ రాడికల్ అంటారు. అది మోనోమర్లనే చిన్న అణువులను ఒకదాని వెంట ఒకటి చేర్చుకుంటూ పొడవాటి గొలుసుగా, అంటే పాలిమర్‌గా పెరగడమే ఫ్రీ రాడికల్ పాలిమరీకరణ. దాని వేగాన్ని ప్రభావితం చేసే అంశాలేమిటని పరీక్షలో అడిగితే ఉష్ణోగ్రత, మోనోమర్ గాఢత, ఇనీషియేటర్ (రాడికళ్లను పుట్టించే పదార్థం) గాఢత, ద్రావణి, నిరోధకాలు (చర్యను అడ్డుకునేవి) అని వరసగా రాసి మార్కులు తెచ్చుకోవచ్చు. ఆ జాబితాలో తప్పేమీ లేదు గానీ, అన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టడం వల్ల అసలు విషయం మరుగున పడుతుందని నా అభిప్రాయం. ఈ చర్య వేగానికి పగ్గం రెండు రాడికళ్లు కలిసి ఆరిపోయే ముగింపు దశ చేతిలో ఉంటుంది.

యాక్రిలిక్ షీట్లకూ కట్టుడు పళ్ల సెట్లకూ ముడిసరుకైన మిథైల్ మెథాక్రిలేట్‌నే తీసుకుందాం. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పెరుగుతున్న గొలుసుకు మరో మోనోమర్ చేరే చర్య రేటు స్థిరాంకం (గాఢతతో నిమిత్తం లేకుండా చర్య వేగాన్ని తెలిపే సంఖ్య), లీటరు, మోల్, సెకను ప్రమాణాల్లో, సుమారు 830 కాగా రెండు గొలుసులు పరస్పరం ముగిసే చర్య స్థిరాంకం కోట్లలో ఉంటుంది. ఇంత తేడా ఉన్నా గొలుసులు పొడవుగా పెరగగలగడానికి కారణం, రాడికళ్ల గాఢత లీటరుకు మోల్‌లో పదికోట్లవ వంతు స్థాయిలోనే ఉండడం వల్ల ఒకదానికొకటి ఎదురుపడడమే అరుదు కావడం. ముగింపుకు రెండు రాడికళ్లు కావాలి కాబట్టే చర్యా రేటు ఇనీషియేటర్ గాఢతకు కాక దాని వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపు కావాలంటే ఇనీషియేటర్‌ను నాలుగింతలు వేయాలి. అప్పుడు గొలుసు సగటు పొడవు దాదాపు సగానికి పడిపోతుంది. మోనోమర్ విషయంలో ఈ చిక్కు లేదు, దాని గాఢతతో పాటు వేగమూ, గొలుసు పొడవూ పెరుగుతాయి.

ఉష్ణోగ్రత ప్రభావం ప్రధానంగా ఇనీషియేటర్ విచ్ఛిన్నం ద్వారా కనిపిస్తుంది. ఏఐబీఎన్ అనే ఇనీషియేటర్ అర్ధాయువు (సగం విచ్ఛిన్నమయ్యే కాలం) 65 డిగ్రీల దగ్గర సుమారు పది గంటలైతే, 82 డిగ్రీల దగ్గర గంటే. విచ్ఛిన్నానికి కావలసిన ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి అడ్డంకి) మోల్‌కు 130 కిలోజౌళ్ల దరిదాపుల్లో ఉంటే, గొలుసు పెరుగుదలకు 22 చాలు, ముగింపుకు అంతకన్నా తక్కువే చాలు. వేగం సూత్రంలో విచ్ఛిన్నం, ముగింపు స్థిరాంకాలు వర్గమూలం కింద వస్తాయి కాబట్టి, మొదటిదానిలో సగాన్ని, రెండోదాన్ని కలిపి, మూడోదానిలో సగం తీసివేస్తే మొత్తం చర్యకు 84 వస్తుంది. అంటే 60 నుంచి 70 డిగ్రీలకు వెళితే వేగం రెండున్నర రెట్లకు దగ్గరగా పెరుగుతుంది. దంతవైద్యుడు నీలి కాంతితో గట్టిపరిచే పూరకంలో రాడికళ్లను పుట్టించేది వేడి కాదు, కాంతి. ఆ 130 లెక్కలోంచి తొలగిపోవడం వల్ల అక్కడ ఉష్ణోగ్రత ప్రభావం చాలా స్వల్పం.

పై లెక్కలన్నీ చర్య తొలిదశకే సరిపోతాయి. ద్రావణి లేకుండా మిథైల్ మెథాక్రిలేట్‌ను పాలిమరీకరిస్తే, మోనోమర్ ఖర్చవుతున్న కొద్దీ వేగం తగ్గాల్సింది పోయి, అందులో సుమారు ఐదో వంతు పాలిమర్‌గా మారాక ఒక్కసారిగా పుంజుకుంటుంది. నోరిష్, స్మిత్‌లు 1942లోనూ, ట్రోమ్స్‌డోర్ఫ్ బృందం 1948లోనూ వివరించిన ఈ జెల్ ప్రభావానికి మూలం స్నిగ్ధత, అంటే ద్రవం చిక్కదనం. పాకంలా చిక్కబడిన మిశ్రమంలో పొడవాటి గొలుసుల కొసలు ఒకదాన్నొకటి చేరలేవు గానీ, చిన్న మోనోమర్ అణువు మాత్రం సులువుగా వాటి దగ్గరికి చేరుతుంది. పెరుగుదల ఎప్పటిలాగే సాగుతుంటే ముగింపు స్థిరాంకం ఎన్నో రెట్లు పడిపోతుంది, రాడికళ్లు పోగుపడతాయి, వేగం, గొలుసు పొడవు రెండూ పెరుగుతాయి. ఒక్కో మోల్‌కు 56 కిలోజౌళ్లకు పైగా వెలువడే వేడి బయటికి పోయే దారి లేకపోతే మిశ్రమం రెండు వందల డిగ్రీలకు పైగా వేడెక్కగలదు, అయితే మోనోమర్ 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. యాక్రిలిక్ షీట్లను గాజు పలకల మధ్య నీటి తొట్టెలో గంటల తరబడి నిదానంగా పోతపోయడం బుడగలు రాకుండా ఉండడానికే. చివరికి మిశ్రమం గాజులా బిగుసుకున్నాక మోనోమర్ కూడా కదలలేకపోతుంది. పాలిమర్ గాజు స్థితి ఉష్ణోగ్రత అయిన 105 డిగ్రీలకు చాలా దిగువన చర్య నడిపితే కొంత మోనోమర్ మిగిలిపోవడానికి కారణం ఇదే.

మోనోమర్‌ను నీటిలో చెదరగొట్టి పాలిమరీకరించే ఎమల్షన్ పద్ధతి ఇదే సూత్రాన్ని కావాలని వాడుకుంటుంది. రాడికళ్లను వేర్వేరు సూక్ష్మ కణాల్లో విడివిడిగా ఉంచితే అవి పరస్పరం ఆరిపోలేవు. వేగం పెంచుతూ గొలుసు పొడవునూ పెంచుకోగలిగే ఈ వెసులుబాటును స్మిత్, ఎవార్ట్‌లు 1948లో గణితంగా నిరూపించారు.

ఇక ఆక్సిజన్, నిరోధకాలు. ఆక్సిజన్ కార్బన్ రాడికళ్లను చాలా వేగంగా పట్టుకుని మందకొడి పెరాక్సీ రాడికళ్లుగా మారుస్తుంది. ప్రయోగశాలలో ముందుగా నైట్రోజన్ పంపేది అందుకే. పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌కు మోనోమర్ అయిన స్టైరీన్ నిల్వలో మాత్రం ఇదే ఆక్సిజన్ మిత్రుడు. స్టైరీన్‌కు ఇనీషియేటర్ అక్కరలేదు, వేడికి తనంతట తానే రాడికళ్లను పుట్టించుకుంటుంది. 100 డిగ్రీల దగ్గర గంటకు సుమారు 2 శాతం పాలిమర్ అవుతుంది. దాన్ని ఆపడానికి టెర్షరీ బ్యూటైల్ కాటెకాల్ అనే నిరోధకాన్ని సాధారణంగా 10 నుంచి 15 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) మేరకు కలుపుతారు గానీ, కరిగిన ఆక్సిజన్ లేనిదే అది సరిగా పనిచేయదు. వేడి పెరిగితే నిరోధకం త్వరగా ఖర్చవుతుంది కూడా. 2020 మే 7న విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మంది ప్రాణాలు తీసిన స్టైరీన్ ఆవిరి, నిల్వ ట్యాంకులో అదుపు తప్పిన ఈ పాలిమరీకరణ వేడి వల్లనే వెలువడింది. ట్యాంకులో ద్రవం కలియకపోతే పైపొర వేడిగా, అడుగు చల్లగా ఉండగలదు కాబట్టి అడుగున తీసిన కొలత పైపొర సంగతి చెప్పదు. స్టైరీన్ ట్యాంకులో ఉష్ణోగ్రతను వేర్వేరు ఎత్తుల్లో చూడాలనీ, నిరోధకంతో పాటు కరిగిన ఆక్సిజన్‌నూ పరీక్షించాలనీ అనడానికి కారణం ఇదే.