దస్తావేజు రాయడం నేర్చుకున్నాకే ఆస్తి చట్టం అర్థమైంది

ఎల్ఎల్‌బీ ఆఖరి ఏడాదిలో డ్రాఫ్టింగ్, ప్లీడింగ్, కన్వెయెన్సింగ్ (కోర్టులో వేసే పత్రాలు, ఆస్తి దస్తావేజులు రాయడం) పేపరు రాయబోతున్నవాళ్లకూ, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు ఆస్తి బదిలీ చట్టం చదువుతున్నవాళ్లకూ నా అనుభవం చెబుతున్నాను. నేను రెండూ రాశాను. మొదటిదాంట్లో చేసిన తప్పు రెండోదాని దాకా నన్ను వదల్లేదు. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఈ పేపరుకు ప్లీడింగ్స్ 15, దస్తావేజులు 15 రాయాలి. ఒక్కోదానికి 3 మార్కులు, మిగిలిన 10 వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు. చాలామంది చేసే పనే నేనూ చేశాను. సీనియర్ల రికార్డు తెచ్చుకుని, పేర్లు, తేదీలు మార్చి, పొల్లుపోకుండా ఎత్తిరాశాను. వైవాలో ఎగ్జామినర్ గారు నా రికార్డులో క్రయ దస్తావేజు ఉన్న పేజీ తీసి ఒకటే అడిగారు: "ఇందులో ఏ వాక్యం కొట్టేస్తే ఆస్తి బదిలీ కాకుండా పోతుంది?" నేను పైన పెద్దక్షరాలతో రాసిన "శుద్ధ క్రయ దస్తావేజు" అన్న పేరు మీద వేలు పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. పేజీ తిప్పేశారు.

ఆ ప్రశ్నకు జవాబు తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆస్తిని బదిలీ చేసేది పై పేరు కాదు, లోపల ఎక్కడో ఉండే "మీకు విక్రయించి దఖలు పరచినాను" అన్న మాట. ఆ మాట లేకపోతే పైన ఏ పేరు ఉన్నా ఆ కాగితం క్రయం కాదు. సివిల్ జడ్జి మెయిన్స్ మొదటిసారి రాసినప్పుడు సెక్షన్లన్నీ నోటికి వచ్చినా సమస్య రూపంలో ఇచ్చిన ప్రశ్నల దగ్గర ఆగిపోయాను. కారణం ఇదే. నాకు సెక్షన్ నంబరు తెలుసు, అది దస్తావేజులో ఏ వాక్యంగా మారుతుందో తెలియదు.

రెండో ప్రయత్నానికి పద్ధతి మార్చాను. ముందు నిజమైన దస్తావేజులు సంపాదించాను. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ ఆఫీసు 1వ పుస్తకంలో నమోదైన దస్తావేజులను ఎవరైనా చూడవచ్చు, ఫీజు కట్టి నకలు తీసుకోవచ్చు. స్థిరాస్తి క్రయాలు, దానాలు, తనఖాలు ఉండేది అందులోనే. వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి. రాసినవారు బతికుండగా వాటి నకలు వారికి, వారి ఏజెంటుకు తప్ప ఇతరులకు ఇవ్వరు. వకీలు ఆఫీసులో పరిచయం ఉంటే పాత ఫైళ్లు చదవనివ్వమని అడగండి. నాకు బాగా ఉపయోగపడింది అలా చదివిన పాత చేతిరాత దస్తావేజులే.

ఒక్కో దస్తావేజును వాక్యాలుగా విడగొట్టి, ప్రతి వాక్యం పక్కన రెండు విషయాలు రాసేవాడిని: ఇది ఏ సెక్షన్ కోసం వచ్చింది, రేపు దావా పడితే ఇది ఏ ప్రశ్నకు జవాబు చెబుతుంది. క్రయ దస్తావేజుతోనే వారం గడిచింది. తేదీ దగ్గరే రెండు సెక్షన్లు దొరికాయి. రాసిచ్చిన నాటి నుంచి 4 నెలల్లో రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలని రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. రిజిస్టర్ అయ్యాక మాత్రం అది రాసిన తేదీ నుంచే అమల్లోకి వస్తుందని 47వ సెక్షన్ చెబుతుంది. అందువల్ల ఒకే ఆస్తిని ఇద్దరికి రాసిచ్చినప్పుడు, రెండోవాడు ముందుగా రిజిస్టర్ చేయించుకున్నా, మొదట రాయించుకుని గడువులోపల రిజిస్టర్ చేయించుకున్నవాడిదే పైచేయి. దీన్ని నేను సెక్షన్‌గా ఎన్నోసార్లు చదివాను. తేదీ వాక్యం పక్కన రాసుకున్న రోజు నుంచి మళ్లీ మరిచిపోలేదు.

ఆస్తి అమ్మేవాడికి ఎలా వచ్చిందో చెప్పే పేరా, అంటే "ఫలానా నంబరు రిజిస్టర్డ్ దస్తావేజు మూలకంగా నాకు సంక్రమించి, నా స్వాధీన అనుభవంలో ఉన్న" అని మొదలయ్యే భాగం, అలంకారం కాదు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, ఒకదానికొకటి అతికేది అక్కడే. ప్రతిఫలం పేరాలో సొమ్ము మొత్తం ముట్టిందా, కొంత బాకీ ఉందా అన్నది స్పష్టంగా రాయాలి. ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం ధర చెల్లించినా, చెల్లిస్తానని మాట ఇచ్చినా క్రయమే. బాకీ ఉందని క్రయం రద్దు కాదు. హక్కు కొన్నవాడికి వెళ్లిపోయాక అమ్మినవాడికి మిగిలేది 55(4)(బి) కింద ఆ ఆస్తి మీద ఛార్జి, అంటే బాకీ సొమ్మును ఆ ఆస్తి నుంచి రాబట్టుకునే హక్కు.

షెడ్యూలును, అంటే ఆస్తి వివరాలు రాసే భాగాన్ని, చాలామంది ఆఖరి రెండు నిమిషాల్లో గిలికేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆస్తిని గుర్తించడానికి తగిన వివరణ లేని దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు తీసుకోరాదని రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం, తూర్పుతో మొదలుపెట్టి చెక్కుబందీ (హద్దులు) నాలుగు వైపులా రాయండి. విస్తీర్ణానికీ హద్దులకూ పొత్తు కుదరనప్పుడు సాధారణంగా హద్దులకే విలువ ఎక్కువ. ఎకరానికి 100 సెంట్లు లేదా 40 గుంటలు, సెంటుకు 48.4 చదరపు గజాలు, గుంటకు 121. ఈ లెక్క చేతిలో ఉండాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. తెలుగులో క్రియ ఎలా ముగుస్తుందన్నదాని మీద దస్తావేజు జాతి మారిపోతుంది. "విక్రయించుటకు అంగీకరించినాను" అంటే ఒప్పందం. దానివల్ల ఆస్తి మీద ఏ హక్కూ పుట్టదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ఆఖరి భాగమే చెబుతుంది. "విక్రయించినాను" అంటే క్రయం. అదే ఒప్పందంలో "నేడే స్వాధీనపరచినాను" అని ఒక్క మాట చేరిస్తే మన రాష్ట్రాల స్టాంపు సవరణ ప్రకారం దాని మీద క్రయానికి కట్టినంత సుంకం కట్టాలి. అదే చట్టం 53-ఏ సెక్షన్ కింద కొనేవాడు ఆ స్వాధీనాన్ని కాపాడుకోవాలంటే, 2001 సెప్టెంబరు 24 నుంచి రాసుకున్న ఒప్పందమైతే, అది రిజిస్టరై ఉండాలి. ఒక్క క్రియలో ఇన్ని చిక్కులున్నాయి.

వీలునామాకూ దాన సెటిల్మెంటుకూ తేడా అడిగితే నేను ఈ రెండు వాక్యాలు రాస్తాను. "నేటి నుండి సదరు ఆస్తిపై సర్వహక్కులు నీకు దఖలు పరచినాను, నా జీవితకాలం ఫలసాయం మాత్రం నేను అనుభవించగలను." "నా జీవితకాలం నేను అనుభవించి, నా తదనంతరం సదరు ఆస్తి నీకు చెందగలదు." మొదటిది దానం. హక్కు ఈ రోజే దాటిపోయింది, మిగుల్చుకున్నది అనుభవం మాత్రమే. అలా మిగుల్చుకున్నంత మాత్రాన దానం చెల్లకుండా పోదని 2014లో రేణికుంట్ల రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండోది, పైన "సెటిల్మెంటు" అని రాసి రిజిస్టర్ చేయించినా, వీలునామాయే. ఇక్కడి నుంచి మిగతా తేడాలన్నీ వాటంతట అవే వస్తాయి. దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, వీలునామాకు ఐచ్ఛికం. వీలునామాను ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, దానాన్ని ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ చెప్పిన సందర్భాల్లో తప్ప వెనక్కి తీసుకోలేరు. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు. సాక్షులు మాత్రం రెండింటికీ ఇద్దరు ఉండాలి. నేను ఈ తేడాలను పట్టికగా బట్టీ పట్టినప్పుడు ప్రతిసారీ ఒకటి జారిపోయేది.

సాక్షుల విషయంలో ఒక మాట. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం క్రయానికి సాక్షి సంతకాలు తప్పనిసరి కాదు. ఆచారంగా వేయిస్తారు. దానానికి, టైటిల్ డీడ్లు డిపాజిట్ చేసే రకం కాని తనఖాకు ఇద్దరు సాక్షులు కావాలి. రాసిచ్చినవాడు సంతకం చేయడం సాక్షి చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని అతని నోట వినాలి. తర్వాత అతని ఎదుట సాక్షి సంతకం చేయాలి. దస్తావేజు లేఖరి తన పేరు కింద సంతకం పెట్టినంత మాత్రాన సాక్షి అయిపోడు. వైవాలో ఇది అడుగుతారు.

భాగపరిష్కారం, అంటే ఉమ్మడి ఆస్తి పంపకం పత్రం, దగ్గర కూడా క్రియ ఏ కాలంలో ఉందన్నదే కీలకం. "నేడు ఈ క్రింది విధంగా పంచుకొంటున్నాము" అంటే ఆ కాగితమే పంపకం చేస్తోంది కనుక స్టాంపు, రిజిస్ట్రేషన్ రెండూ కావాలి. "ఇంతకు మునుపే నోటిమాటగా పంచుకొని ఎవరి వాటా వారు అనుభవిస్తున్నాము, జ్ఞాపకార్థం ఈ పత్రం వ్రాసుకొంటిమి" అంటే అది జరిగిపోయినదానికి గుర్తు మాత్రమే, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అయితే జరగని పంపకాన్ని జరిగినట్టు రాయడం నేర్చుకోకండి. కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చిన హిందూ వారసత్వ చట్టం 2005 సవరణ తర్వాత, ముఖ్యంగా 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పు తర్వాత, కూతురి వాటా తప్పించడానికి పాత నోటి పంపకం చూపిస్తే కోర్టు సులభంగా నమ్మదు. ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం అడుగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు 1985 సెప్టెంబరు 5 నుంచే సహదాయాద హక్కు (ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటా) ఉంది. భాగపరిష్కారం రాసే ప్రశ్న వస్తే పార్టీల పేరాలో కూతుళ్లు ఉన్నారో లేదో మొదట చూసుకోండి. పేపరు దిద్దేవారు చూసేది కూడా అదే.

మొదటి ప్రయత్నంలో నేను మార్కులు పోగొట్టుకున్న ఇంకో చోటు స్టాంపు లోపం, రిజిస్ట్రేషన్ లోపం. రెండింటినీ ఒకటిగా కలిపి "సాక్ష్యంగా పనికిరాదు" అని రాసేశాను. రెండూ వేరు. స్టాంపు చట్టం 35వ సెక్షన్ ప్రకారం స్టాంపు చాలని పత్రం ఏ ప్రయోజనానికీ సాక్ష్యంలోకి రాదు, కానీ లోటు సుంకం, దానికి 10 రెట్ల జరిమానా కడితే వస్తుంది. రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ కింద రిజిస్టర్ కాని పత్రం హక్కు నిరూపించడానికి రాదు. జరిమానా కట్టినా రాదు. కాని ఒప్పందం అమలు కోరే దావాలోనూ, అనుబంధ విషయం నిరూపించడానికీ వాడుకోవచ్చు. పత్రం రెండు లోపాలతో వస్తే ముందు స్టాంపు సంగతి తేలాలి. ఈ వరుసలో జవాబు రాస్తే పేరా దానంతట అదే నిలబడుతుంది.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), ఒప్పందం, వీలునామా మూడూ కలిపి రాయించుకుని ఆస్తి కొన్నామనుకునేవాళ్ల గురించి ప్రశ్న వస్తే 2011 నాటి సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ తీర్పు రాయండి. వాటివల్ల యాజమాన్యం రాదు. కౌలు, అద్దె పత్రాలకు ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ ఒక్కటి గట్టిగా పట్టుకుంటే చాలు. వాటి మీద ఎక్కువ సమయం పెట్టకండి.

రోజూ 40 నిమిషాలు ఒక దస్తావేజు, చేత్తోనే. నేను రాసినదాన్ని నా స్నేహితురాలికి ఇచ్చేవాడిని, తనది నేను తీసుకునేవాడిని. ఒకరి దస్తావేజును మరొకరు ఎదుటి పక్షం వకీలులా చదివి చీల్చిచెండాడాలన్నది మా ఒప్పందం. మొదటి నెలలో తను నా తనఖా పత్రం చదివి, అప్పు తీరిస్తే ఆస్తి తిరిగి రాసివ్వాలన్న షరతును నేను వేరే కాగితం మీద రాశానని పట్టుకుంది. షరతు అదే దస్తావేజులో లేకపోతే అది షరతుతో కూడిన క్రయం రూపంలోని తనఖా కాదని ఆస్తి బదిలీ చట్టం 58(సి) కింద 1929లో చేర్చిన మినహాయింపు చెబుతుంది. పది గంటలు చదివినా నాకు ఎక్కని విషయం తన ఒక్క ఎర్రగీతతో ఎక్కింది. మీకు అలాంటి తోడు ఒకరు తప్పకుండా ఉండాలి. ఇద్దరూ ఒకే స్థాయిలో లేకపోయినా ఫరవాలేదు.

పరీక్ష హాల్లో జాగ్రత్త ఒకటి: ప్రశ్నలో పేర్లు ఇవ్వకపోతే 'ఎ', 'బి' అనే రాయండి. రాసిచ్చినవాడి చోట గాని సాక్షి చోట గాని మీ పేరు, మీ సంతకం రాకూడదు. అలవాటులో చెయ్యి జారి రాసేస్తే మీ గుర్తింపు బయటపెట్టినట్టవుతుంది.

ఈ రాత్రికి ఒక సాధన ఇస్తున్నాను. హిందూ కుటుంబం. తండ్రి వీలునామా రాయకుండా చనిపోయాడు. స్వార్జితమైన ఇల్లు ఒకటి ఉంది. భార్య, మేజరైన పెద్ద కొడుకు, పెళ్లయిన కూతురు, 16 ఏళ్ల చిన్న కొడుకు ఉన్నారు. నలుగురివీ సమాన వాటాలు. పెద్ద కొడుకు ఇల్లు అమ్మేస్తానని, దస్తావేజు రాసిపెట్టమని మీ దగ్గరికి వచ్చాడు. అమ్మేవాళ్ల పేరాలో ఎవరెవరు ఉండాలి, చిన్నవాడి తరఫున ఎవరు సంతకం చేయాలి, 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ కింద కోర్టు అనుమతి తేదీ, నంబరు ఏ వాక్యంలో రావాలి? ఆ ఒక్క పేరా తేలేదాకా ప్రతిఫలం గురించి రాయడం మొదలుపెట్టకండి.