పైపు పాతదే, చుట్టూ ఊరే కొత్తది

గ్యాస్ పైపులైన్ల భద్రతకు చట్టం అనగానే అందరి చూపూ శిక్షల మీదికే పోతుంది. అమెరికాలో 2020 నాటి పైపులైన్ భద్రతా చట్టం గడువు 2023 సెప్టెంబరుతో తీరాక వచ్చిన బిల్లుల్లోనూ, పైపుల్ని పాడుచేసేవాళ్లకు శిక్షలు పెంచే సెక్షన్లున్నాయి. మన దగ్గర ఆ పని 2011లోనే అయిపోయింది, 1962 నాటి పైపులైన్ల చట్టాన్ని సవరించి. విశాఖ లాంటి ఊరికి కావలసిన సెక్షన్ వేరు. పైపు వేసిన రోజు పక్కన ఎన్ని ఇళ్లున్నాయి, ఇవాళ ఎన్నున్నాయి అని లెక్క తేల్చే సెక్షన్ అది.

ట్రంకు లైను, అంటే గ్యాస్‌ను దూరం మోసుకెళ్లే పెద్ద పైపు, డిజైన్ చేసేటప్పుడు పైపుకు అటూ ఇటూ 200 మీటర్లు, పొడవున 1,600 మీటర్ల ముక్క తీసుకుని అందులో ఇళ్లు లెక్కపెడతారు. పది వరకూ ఉంటే క్లాస్ 1. 45 వరకూ క్లాస్ 2. 46 నుంచి క్లాస్ 3. నాలుగంతస్తులూ ఆ పైవీ నిండిన చోటు క్లాస్ 4. క్లాస్ 1లో స్టీలు బలంలో 72 శాతం దాకా వాడుకోనిస్తారు, తర్వాత వరుసగా 60, 50, 40. అంటే క్లాస్ 1 లెక్కన 90 బార్ ప్రెషర్‌కు వేసిన పైపు, అదే మందంతో క్లాస్ 3లో 62.5 బార్‌కే పనికొస్తుంది. పాత హైడ్రోటెస్ట్ (పైపులో నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసే పరీక్ష) రికార్డును బట్టి కొంత వెసులుబాటు ఇస్తారు గానీ, పొలం లేఔట్ అయినంత మాత్రాన భూమిలో ఉన్న పైపు మందం పెరగదు.

విశాఖ శివార్లలో ఆనందపురం, పెందుర్తి, సబ్బవరం వైపు ఒకసారి వెళ్లి చూడండి, ఊరు ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుంది. 1962 చట్టం ప్రకారం పైపు మీద పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. భూమి మాత్రం రైతుదే. కానీ ఆ పట్టీ వెడల్పు చాలాచోట్ల ముప్పై మీటర్లకు మించదు. క్లాస్ లెక్క తీసేది నాలుగు వందల మీటర్లలో. ఆ మిగతా జాగాలో ప్లాన్లు ఇచ్చేది విశాఖ అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ, నగరపాలక సంస్థ జీవీఎంసీ. కాబట్టి చట్టం ముడివేయాల్సింది ఇక్కడే: లేఔట్ ఫైలు కదిలిన రోజే ఒక కాపీ పైపు ఆపరేటరుకు చేరాలి, క్లాస్ మారితే ప్రెషర్ తగ్గించడానికో పైపు మార్చడానికో తేదీతో సహా గడువు ఉండాలి.

క్లాస్ మారినా పైపు మార్చకుండా లోపలి తనిఖీలతో సరిపెట్టుకోనివ్వాలని అమెరికా నియంత్రణ సంస్థ 2020లో ప్రతిపాదించింది. దానికి నేను ఒప్పుకోను. పిగ్ (పైపు లోపల నడిచే తనిఖీ పరికరం) పంపితే తుప్పు తిన్న చోట్లు బాగానే దొరుకుతాయి. పైపు పొడవునా సాగే సన్నటి పగుళ్లు మామూలు మాగ్నెటిక్ పిగ్‌కు సరిగా చిక్కవు. చిక్కినా, పైపు పేలితే మంట చేరే దూరం అంగుళం కూడా తగ్గదు. వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం 18 అంగుళాల పైపు 90 బార్ మీద ఉంటే ఆ దూరం సుమారు 137 మీటర్లు.

తనిఖీ అన్నది దేన్ని చూస్తుందో కూడా చట్టంలో రాయాలి. పైపుకు తుప్పు పట్టకుండా కొద్దిపాటి కరెంటు పంపుతారు; దాన్ని కొలిచే టెస్ట్ పోస్ట్ దగ్గర హాఫ్ సెల్ (పోల్చి చూసే ఎలక్ట్రోడ్) నేలకు ఆనించి రీడింగ్ తీస్తే మైనస్ 0.85 వోల్టులో, అంతకంటే నెగటివ్‌గానో ఉండాలి. అది బయటి తుప్పుకు కాపలా. లోపలి తుప్పుకు దానితో సంబంధమే లేదు. ఆరబెట్టని తడి గ్యాస్‌లోని నీళ్లు పల్లంలో నిలుస్తాయి, కార్బన్ డయాక్సైడ్ అందులో కలిసి ఆమ్లమవుతుంది, పైపు అడుగు భాగం తినేస్తుంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో పేలింది ఇలా తడి గ్యాస్ పారిన 18 అంగుళాల పైపే. ఇరవై మందికి పైగా పోయారు. గ్యాస్‌ను ఆరబెట్టే యూనిట్, పల్లాల్లో మందం కొలిచిన రీడింగులు, పిగ్ వెంట బయటికొచ్చిన నీళ్ల పరీక్ష, ఈ మూడూ రికార్డులో లేకపోతే లైను నడపకూడదని రాయాలి.

ఇక గ్యాస్‌ను మధ్యలో ఆపే వాల్వులు. క్లాస్ 1లో 32 కిలోమీటర్లకొకటి చాలు, క్లాస్ 3లో 16, క్లాస్ 4లో 8. క్లాస్ మారిన చోట మధ్యలో కొత్త వాల్వు పడాలి, అదీ కంట్రోల్ రూమ్ నుంచి మూసేది. 2010లో కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో 30 అంగుళాల లైను పేలితే గ్యాస్ ఆపడానికి 95 నిమిషాలు పట్టింది, ఎనిమిది మంది చనిపోయారు. అమెరికాలో 2022లో, పైపు పగిలిందని గుర్తించిన 30 నిమిషాల్లో వాల్వు మూయాలని నిబంధన తెచ్చారు గానీ, అది కొత్తగా వేసే లేదా మార్చే పైపులకే. ఇళ్లు దగ్గరికొచ్చేది పాత లైన్ల చుట్టూనే.

పర్యవేక్షణ చూస్తే, ప్రమాణాలు రాసేది 2006 చట్టంతో వచ్చిన పెట్రోలియం, గ్యాస్ నియంత్రణ బోర్డు పీఎన్‌జీఆర్‌బీ. చమురు పరిశ్రమ భద్రత చూసే ఓఐఎస్‌డీ పెట్రోలియం శాఖ కిందిది, పేలుడు పదార్థాల భద్రత చూసే పెసో వాణిజ్య శాఖ కిందిది. ప్రమాదం జరిగితే విచారణ వీటన్నిటికీ బయట ఉన్న సంస్థ చేయాలి. అమెరికాలో ప్రమాదాలు విచారించే స్వతంత్ర సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఉన్నది అందుకే.

ట్రంకు లైన్లలో సాధారణంగా వాసన మందు కలపరు, గ్యాస్ ఊళ్లోకి దిగే సిటీ గేట్ స్టేషన్ దగ్గరే కలుపుతారు. అందుకని వాసన రాలేదంటే లీకు లేదని కాదు. బుస్సుమనే శబ్దం, చెరువులో ఆగని బుడగలు, పచ్చటి చేలో పైపు మీదుగా ఎండిన మచ్చ, నేలలోంచి ఎగిసే దుమ్ము కనబడితే బండి స్టార్ట్ చేయకుండా, ఫోన్ తీయకుండా గాలికి ఎదురుగా నడిచి దూరం పోయి, అప్పుడు పైపు వెంట పాతిన మార్కర్ బోర్డు మీది నంబరుకు, 112కు చేయండి. లైను నోటిఫికేషన్ మీ సర్వే నంబరుకు వస్తే 21 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. అందులో మూడు అడగండి: ఏ క్లాస్‌కు డిజైన్ చేస్తున్నారు, రెండు వైపులా దగ్గరి వాల్వు ఎంత దూరం, క్లాస్ లెక్క మళ్లీ ఎప్పుడు తీస్తారు.